హెచ్.జి. వెల్స్: కాలజ్ఞానానికీ కాలయంత్రానికీ మధ్య

కృష్ణకు పెద్ద వరదొస్తే చాలు, బెజవాడలో ఒక మాట మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటుందని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారట కదా, ఇదేనేమో అది అని. 2009 అక్టోబరులో ఆ మాట విన్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మళ్ళీ విన్నాం. జనమంతా బ్యారేజీ వైపు చూస్తుంటే నీళ్ళు ఊరి వెనక నుంచి వచ్చాయి. బుడమేరు పొంగి, మళ్ళింపు కాలువ కట్టలు తెగి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఏటి దారి ఇరుకైపోతే, ఎగువన కుండపోత కురిస్తే, అదే పూట కృష్ణ కూడా నిండుగా ఉండి కాలువ నీళ్ళను తీసుకోలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి దివ్యదృష్టి అక్కర్లేదు. ఊరి పల్లమెరకలు తెలిసిన ఇంజనీరు, ఒక మ్యాపు చాలు.

రాబోయేదాన్ని గురించి మాట్లాడే పద్ధతులు ఈ రెండే. రాసిపెట్టి ఉన్నది ముందే చదివి చెప్పడం ఒకటి. ‘ఇలాగే పోతే ఎక్కడ తేల్తాం?’ అని లెక్క కట్టడం రెండోది. ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్ జీవితమంతా రెండో పనే చేశాడు. ఆయన్ని మొదటి రకంలో జమకట్టి, ‘అన్నీ ముందే చెప్పేశాడు మహానుభావుడు’ అని దండం పెట్టి ఊరుకోవడం లోకానికి అలవాటైపోయింది. ఆయన ప్రభావం మీద ఇంత గందరగోళం ఉండటానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆయన ‘నిజమైన జోస్యాల’ చిట్టా అందరికీ తెలిసిందే. 1903లో ఒక కథలో ఇనుప తొడుగు వేసుకుని నడిచే యుద్ధ వాహనాలను చూపించాడు. 1916లో ట్యాంకులు రణరంగంలోకి దిగాయి. 1908లో ఆకాశం నుంచి నగరాలను తగలబెట్టించాడు. ఆ తర్వాత జరిగింది చరిత్ర. 1914లో ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ నవలలో అణుబాంబు అనే మాటనే వాడాడు. బాగుంది. మరి తప్పిన లెక్కలు ఎవరు రాసుకున్నారు? 1901లో వచ్చిన ‘యాంటిసిపేషన్స్’లో ఆయన జలాంతర్గామి గురించి రాస్తూ, అది లోపలి సిబ్బందిని ఊపిరాడక చంపి సముద్రంలో మునగడం తప్ప మరే పనీ చేస్తుందని తన ఊహకు అందడం లేదన్నాడు. విమానం ఎగరడం బహుశా 1950 లోపు జరగొచ్చన్నాడు. రైట్ సోదరులు రెండేళ్ళలోనే ఎగిరి చూపించారు. జోస్యగాడిగా మార్కులు వేస్తే వెల్స్ పాసవుతాడు గానీ మొదటి ర్యాంకు రాదు.

అణుబాంబు సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. జోస్యానికీ లెక్కకూ తేడా అంతకంటే స్పష్టంగా మరెక్కడా కనపడదు. వెల్స్ ఆ ఊహను గాల్లోంచి పట్టుకురాలేదు. రేడియం మీద ఫ్రెడరిక్ సాడీ అనే రసాయన శాస్త్రవేత్త 1909లో అచ్చేసిన పుస్తకం చదివాడు, తన నవలను ఆ పుస్తకానికే అంకితమిచ్చాడు. పదార్థంలో అంత శక్తి దాగి ఉంటే, దాన్ని బయటికి తీసే దారి దొరికితే, ఆ దారి ఇప్పుడున్న ప్రభుత్వాల చేతిలో పడితే ఏమవుతుంది? ఆయన ప్రశ్న అది. వివరాలన్నీ విడ్డూరంగా ఉంటాయి: నవలలో వైమానికుడు బాంబును రెండు చేతులా పట్టుకుని, దాని మూతిని పళ్ళతో కొరికి, విమానం అంచు మీంచి కిందికి వదులుతాడు. అది ఒక్కసారిగా పేలి ఊరుకోదు, రోజుల తరబడి కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. కృత్రిమంగా అణుశక్తిని విడుదల చేసే పని నవలలో 1933లో జరుగుతుంది.

ఆ నవలను 1932లో లియో సిలార్డ్ అనే హంగరీ భౌతిక శాస్త్రవేత్త చదివాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో, లండన్‌లో రోడ్డు దాటుతుండగా, ఒక పరమాణువులో జరిగిన చర్య మరికొన్నిటిని రగిలిస్తూ పోయే గొలుసు చర్య ఆలోచన ఆయనకు తట్టింది. దాని మీద పేటెంటు తీసుకున్నాడు. 1936లో దాన్ని బ్రిటిష్ నౌకాదళ శాఖకు అప్పగించాడు, బయటికి పొక్కకూడదని. ఎందుకు దాచావంటే, దీని పర్యవసానం ఏమిటో నాకు తెలుసు, నేను వెల్స్‌ను చదివాను అన్నది ఆయన సమాధానం. తర్వాత హిట్లర్ చేతికి ముందు చిక్కుతుందన్న భయంతో ఐన్‌స్టైన్ చేత రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాయించినవాడూ ఆయనే. 1945 జూలైలో ఆ బాంబును జపాన్ మీద వేయొద్దని సంతకాలు సేకరించినవాడూ ఆయనే. ఇప్పుడు చెప్పండి, వెల్స్ జోస్యం ఫలించిందా? ఒక శాస్త్రవేత్త పుస్తకం నవలకు పుట్టుక ఇచ్చింది. ఆ నవల ఇంకో శాస్త్రవేత్తకు భయం నేర్పింది. ఆ భయం కొంతకాలం రహస్యాన్ని కాపాడింది, మరికొంత కాలానికి బాంబు తయారీకే తొందరపెట్టింది. రాసినవాడు ఇక్కడ ఒడ్డున నిలబడి చూస్తున్నవాడు కాదు, ప్రవాహంలోనే ఉన్నాడు.

ఇంతకీ ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? 1866లో లండన్ శివారు బ్రామ్లీలో, అంతంతమాత్రంగా నడిచే చిన్న దుకాణం పైన పుట్టాడు. తండ్రి జోసెఫ్ క్రికెట్ ఆటగాడు కూడా. 1862లో కెంట్ జట్టు తరఫున వరసగా నాలుగు బంతులకు నాలుగు వికెట్లు తీశాడు. (క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకు కొడుకు రాసిన నవలలన్నిటికంటే ఇదే గొప్పగా తోచవచ్చు.) దుకాణం దివాలా దారి పట్టాక, తల్లి సారా ఒక జమీందారీ భవంతిలో ఇంటి పనివాళ్ళ మీద పెత్తనం చూసే ఉద్యోగానికి వెళ్ళింది. కొడుకును సౌత్‌సీలో బట్టల దుకాణంలో పనికి పెట్టారు. రోజుకు పన్నెండు, పదమూడు గంటలు నిలబడే పని. బెజవాడ బీసెంట్ రోడ్డులో పొద్దుటి నుంచి రాత్రి దాకా చీరలు విప్పి, కొనేవాళ్ళు పెదవి విరవగానే మళ్ళీ మడతపెట్టే కుర్రాళ్ళను చూస్తే ఆ పని ఏమిటో తెలుస్తుంది. దాన్ని వెల్స్ జన్మంతా అసహ్యించుకున్నాడు. 1884లో స్కాలర్‌షిప్ మీద బయటపడి, డార్విన్ పక్షాన వాదనకు దిగే థామస్ హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు.

తల్లి పనిచేసిన ఆ భవంతి పేరు అప్‌పార్క్. సస్సెక్స్‌లో గుట్ట మీద ఉంటుంది. వంటశాలనూ గుర్రాలశాలనూ ఇంటితో కలిపే సొరంగాలు దాని కింద ఉన్నాయి. పనివాళ్ళు పచ్చిక మీద తిరుగుతూ దొరల కంటపడకుండా, నేల కింద నుంచే పళ్ళేలు మోసుకెళ్ళే ఏర్పాటు. అక్కడ సెలవులు గడిపిన కుర్రవాడే 1895లో ‘ది టైమ్ మెషీన్’ రాశాడు. అందులో యాత్రికుడు 802701వ సంవత్సరానికి వెళ్తాడు. పైన వెలుతురులో ఎలోయ్‌లనే సుకుమారులు ఉంటారు. పళ్ళు తింటారు, పూలు కోస్తారు, ఏ పనీ చేతకాదు, చీకటంటే హడలు. కింద చీకట్లో మోర్లాక్‌లు యంత్రాలు నడుపుతారు, పైవాళ్ళకు కావలసినవన్నీ తయారుచేస్తారు. రాత్రి పైకొచ్చి వాళ్ళను తింటారు.

యాత్రికుడికి ఇది మొదట్లో అర్థం కాదు. ఆహా, అందరూ సమానమైపోయిన లోకం అనుకుంటాడు. రెండో ఊహ వేస్తాడు, అదీ తప్పుతుంది. చివరికి గానీ అసలు సంగతి తట్టదు: యజమానులు పైకి, పనివాళ్ళు కిందికి నెట్టబడి, లక్షల ఏళ్ళలో రెండు జాతులుగా విడిపోయారు. ఇందులో వెల్స్ ఊహించి కలిపింది కాలాన్ని మాత్రమే. తక్కినదంతా తన కళ్ళెదుట లండన్‌లో ఉందని నవలలోనే చెబుతాడు: భూగర్భ రైళ్ళు, నేలమాళిగ కార్ఖానాలు, పగటి వెలుగు చూడకుండా బతికే ఈస్ట్ ఎండ్ కార్మికులు.

పటమటలోనో మొగల్రాజపురంలోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా దిగి చూడండి. లిఫ్టు పక్కన, కరెంటు మీటర్ల వరసకు ఎదురుగా, వాచ్‌మన్ కుటుంబానికి ఒకే గది. బయట ఇస్త్రీ బల్ల, పైన తీగ మీద ఆరేసిన బట్టలు. ట్యూబులైటు కింద, రెండు కార్ల మధ్య సందులో చాప వేసుకుని పిల్ల ఎక్కాలు రాసుకుంటూ ఉంటుంది. అయిదో అంతస్తు నుంచి ‘మోటారు వెయ్యలేదేంటి?’ అని ఫోను. పై ఇంటివాళ్ళకు మోటారు స్విచ్చి ఎక్కడుందో కూడా తెలియదు. 2024 వరదలో సెల్లార్లు నిండినచోట ముందు మునిగింది ఆ గదే. ఇలాగే పోతే ఎక్కడ తేల్తాం అన్నదే ఆ నవల అడిగే ప్రశ్న. దానికోసం ఎనిమిది లక్షల ఏళ్ళు ముందుకు వెళ్ళడం వెల్స్‌కు ఒక సాకు.

ఇక్కడే మన తెలుగు సంగతి ఆసక్తిగా మారుతుంది. కాలం పక్కకు జరగడం మనకు కొత్త కాదు. భాగవతం తొమ్మిదో స్కంధంలో రైవతుడనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. తన మనసులో ఉన్న వరుల మనవల పేర్లు కూడా మిగలవు. చివరికి రేవతి బలరాముడి భార్య అవుతుంది. ఊహగా చూస్తే వెల్స్ కంటే ఇదే గడుసైనది. అయితే రైవతుడి చేతిలో ఏమీ లేదు. వెళ్ళాడు, కాలం జరిగిపోయింది. వెల్స్ యాత్రికుడు మీట పట్టుకుని కూర్చుంటాడు. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వెనక్కి రావాలో అతని ఇష్టం. దైవాధీనంగా ఉన్న కాలాన్ని మనిషి చేతికందే పనిముట్టుగా మార్చడమే వెల్స్ తెచ్చిన కొత్త. కాలయంత్రం అన్న పేరు ఇవాళ ఏ భాషలో వినపడినా దాని మూలం ఆయనదే.

ఆ మీటను తెలుగువాళ్ళు 1991లో పట్టుకున్నారు. కాలేజీ రోజుల్లో వెల్స్ నవల చదివిన సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీశారు. చూడని తెలుగువాడు అరుదు కాబట్టి కథ చెప్పను. ఒక్క తేడా మాత్రం చూడండి. వెల్స్ యాత్రికుడు ముందుకే పోతాడు. ఎలోయ్‌ల కాలం దాటి, ఎర్రబడ్డ సూర్యుడి కింద పెద్ద పెద్ద పీతలు పాకే సముద్రతీరమూ దాటి, మూడు కోట్ల ఏళ్ళ అవతలి దాకా. గతం మీద అతనికి పెద్ద మోజు లేదు. మన యంత్రం ముందుగా వెనక్కి తిరిగి, నేరుగా శ్రీకృష్ణదేవరాయల సభలో దిగింది. అక్కడ తెనాలి రామకృష్ణుడున్నాడు, పాటలున్నాయి, వెలుగుంది. 2504కు వెళ్ళే భాగంలో మాత్రం మూడో ప్రపంచ యుద్ధం తర్వాతి లోకం ఎదురవుతుంది. అంటే గతం పండగ, భవిష్యత్తు శిథిలం. యుగధర్మం నానాటికీ దిగజారుతుందని నమ్మే సంప్రదాయంలో మీటను ఎటు తిప్పుతామో ఆ సినిమా చక్కగా చూపించింది. 1895 నాటి ఇంగ్లీషువాడికి రాయలవారి సభ లేకపోవడం అతని లోటు అనుకోవచ్చు. నాకైతే ఆ మోజు లేకపోవడమే అతనికి చూపునిచ్చిందనిపిస్తుంది.

తర్వాత వచ్చిన తెలుగు కాలయాత్రల్లో చాలావాటిలో యంత్రం మిగిలింది, వాదన జారిపోయింది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో పైన అన్నీ ఉన్న కాంప్లెక్స్, కింద ఎండిపోయిన కాశీ కనిపిస్తాయి. అది వెల్స్ నుంచి వచ్చిందని నేననను. పైవాళ్ళూ కిందివాళ్ళూ అన్న ఆ నిలువు పటం ప్రపంచ సినిమాకు ఎప్పుడో ఉమ్మడి ఆస్తి అయింది. కానీ అక్కడ కూడా కిందివాళ్ళను ఉద్ధరించడానికి అవతారం రావాలి. వెల్స్ లోకంలో అవతారాలు లేవు.

ఆయన పనితనంలోని కిటుకు ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో తేలిగ్గా దొరుకుతుంది. మన జానపద సినిమాల్లో హీరో పసరు పూసుకుంటే బట్టలతో సహా మాయమవుతాడు. వెల్స్ కథలోని గ్రిఫిన్‌కు మాయమయ్యేది ఒళ్ళు మాత్రమే. కాబట్టి లండన్ జనవరి చలిలో దిసమొలతో తిరగాలి. తిన్న అన్నం అరిగేదాకా కడుపులో కనిపిస్తుంది. బురద కాళ్ళకు అంటి అడుగులు పట్టిస్తాయి, కుక్కలు వాసన పడతాయి. అసాధ్యమైన సంగతి ఒక్కటే ఉండాలి, తక్కినదంతా పక్కింటి వ్యవహారంలా ఉండాలి అన్నది వెల్స్ స్వయంగా చెప్పుకున్న సూత్రం. ఫ్రెంచి నవలాకారుడు జూల్ వెర్న్‌కు ఇది నచ్చలేదు. నేను మనుషుల్ని చంద్రుడికి ఫిరంగి గుండులో పంపాను, ఈయన గురుత్వాకర్షణ లేని లోహం అంటున్నాడు, ఏదీ ఆ లోహం చూపించమనండి అని విసుక్కున్నాడు. పాపం పెద్దాయన. లోహం వెల్స్‌కు ముఖ్యం కాదు.

అంగారకులు ఇంగ్లండు మీద దండెత్తే ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) గురించి లోకానికి గుర్తున్నది రేడియో గోల. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ అనే అమెరికా నటుడు దాన్ని వార్తల్లాగా వినిపిస్తే అమెరికా రోడ్ల మీదకు పరుగెత్తిందని కథ. ఆ భయం ఉన్నదానికంటే చాలా ఎక్కువగా పత్రికలు రాశాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. నవలలో అంతకంటే ముఖ్యమైనది మొదటి అధ్యాయంలోనే ఉంది. అంగారకులను తిట్టేముందు మనం ఏం చేశామో గుర్తుచేసుకోండి, యాభై ఏళ్ళలో టాస్మేనియా ప్రజలను యూరప్ వలసవాళ్ళు తుడిచిపెట్టలేదా అని అడుగుతాడు. ఆ ఊహ తనకిచ్చింది అన్న ఫ్రాంక్ అని చెప్పి, పుస్తకం అతనికే అంకితమిచ్చాడు. విక్టోరియా గద్దెనెక్కి 60 ఏళ్ళు నిండాయని 1897లో సామ్రాజ్యమంతా దీపాలు పెట్టుకుంటుండగా, ఆ ఏడాదే ఇది పత్రికలో ధారావాహికగా వస్తోంది. మన దేశంలో అప్పుడు కరువు, ప్లేగు. పెద్ద ఆయుధాలతో, మన ప్రాణానికి పూచికపుల్ల విలువ ఇవ్వని వాళ్ళు హఠాత్తుగా వచ్చి పడితే ఎలా ఉంటుందో లండన్‌వాళ్ళకు చెప్పడానికి వెల్స్ అంగారక గ్రహం దాకా పోవలసి వచ్చింది. మనకైతే చెప్పనక్కర్లేదు.

ఆయన తను ఉంటున్న, లండన్ దగ్గరి వోకింగ్ చుట్టూ సైకిలు మీద తిరిగి, ఏ వీధిని ఎలా నాశనం చెయ్యాలో ఎంచుకున్నాడు. ఇరుగుపొరుగును వింత వింతగా చంపుతున్నానని ఉత్తరంలో మురిసిపోయాడు. మన రచయితల గ్రహాంతరవాసులు ఎందుకో న్యూయార్క్ మీదే వాలతారు. గొల్లపూడి పొలాల్లో ఒక గొట్టం పడి, గుణదల కొండ మీంచి జనం తొంగిచూసే నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాల మధ్య విగ్రహమై నిలబడ్డ పెద్దమనిషిని వెల్స్ 1920లో క్రెమ్లిన్‌లో కలిశాడు. అంతర్యుద్ధంలో కుదేలైన దేశంలో ఊరూరా కరెంటు అంటున్న లెనిన్‌ను చూసి, క్రెమ్లిన్‌లో కలలు కనేవాడని రాశాడు. పదేళ్ళాగి వచ్చి చూడండి అన్నాడు లెనిన్. వెల్స్ మళ్ళీ వెళ్ళేసరికి 1934. లెనిన్ లేడు, స్టాలిన్ ఉన్నాడు, కరెంటూ ఉంది. భవిష్యత్తును లెక్క కట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాడు ఎదురుగా కూర్చున్న మనిషి లెక్కను నమ్మలేకపోయాడు.

నమ్మలేకపోవడం కంటే పెద్ద మచ్చ ఒకటుంది. ‘యాంటిసిపేషన్స్’ చివర్లో, కొత్త లోకపు సామర్థ్యానికి సరితూగని నల్ల, గోధుమ, పసుపు జాతుల గుంపులు తప్పుకోవలసిందే అని రాశాడు. టాస్మేనియా కోసం కలత పడిన మూడేళ్ళకే! ఇలాగే పోతే అని లెక్క కట్టేవాడు, ఎవరు ఉండాలి ఎవరు పోవాలి అనే లెక్కలోకి ఎంత సులువుగా జారతాడో చూడటానికి ఆ పేజీలు చదవాలి. దాచిపెట్టడం అభిమానులకు తగదు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన మారాడు. 1920లో ఆయన రాసిన ప్రపంచ చరిత్ర, జైల్లో కూర్చుని ఇందిరకు ఉత్తరాలు రాసిన నెహ్రూకు ఒక ఆధారమైంది. 1940లో ‘ది రైట్స్ ఆఫ్ మ్యాన్’ తెచ్చాడు. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు ముందు నడిచిన చర్చల్లో దానికీ చోటుంది. ఆ హక్కుల ముసాయిదా మీద అభిప్రాయం చెప్పమని గాంధీగారికి తంతి పంపితే, మీరు తప్పుదారిలో ఉన్నారు, ముందు మనిషి బాధ్యతల పత్రం రాయండి, హక్కులు వాటంతటవే వస్తాయని జవాబొచ్చింది. ఈ ఒక్క విషయంలో నేను గాంధీ పక్షం కాదు. సెల్లార్‌లో ఉన్నవాడికి బాధ్యతల జాబితా ఎప్పుడో అందింది.

వెల్స్ 1946 ఆగస్టు 13న పోయాడు, హిరోషిమా తర్వాత ఏడాదికి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి కాబట్టి, 2007 నుంచి ఆయన్ని ఎవరైనా తెలుగు చేసుకోవచ్చు. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలెవరైనా నన్నడిగితే ‘ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్’ కథతో మొదలుపెట్టమంటాను. అందరూ గుడ్డివాళ్ళే ఉన్న లోయలోకి చూపున్నవాడు జారిపడతాడు, ఇక తానే రాజునవుతానని మురిసిపోతాడు. చివరికి వైద్యులు వచ్చి, ఇతని జబ్బుకు మూలం ముఖం మీద అదురుతున్న ఈ రెండు వస్తువులే, తీసేస్తే నయమైపోతాడంటారు. ఇక పిల్లల కోసం ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ కొనేవాళ్ళకు ఒక సూచన. బజారులో దొరికేవాటిలో చాలావరకు కుదించినవే. బొమ్మలు చూసి మోసపోకుండా మొదటి అధ్యాయం తిరగేయండి. అందులో టాస్మేనియా లేకపోతే ఆ ప్రతిని అక్కడే పెట్టేసి ఇంకోటి అడగండి.